రాయబారి కాదలచిన చిరంజీవులకు

అశోక్‌నగర్ సందుల్లో పుస్తకాల మోతతో తిరిగే పిల్లల్లో ఏటా కొందరికి ఐఎఫ్ఎస్ (దౌత్యవేత్తల కొలువైన ఇండియన్ ఫారిన్ సర్వీస్) మీద మనసు పడుతుంది. సంతోషం. అయితే రాతకు 1,750, ఇంటర్వ్యూకు 275 మార్కుల గండం గట్టెక్కితే చాలుననుకునేరు. అసలు అర్హత వేరే ఉంది. పదిమందిలో గంటసేపు మాట్లాడి, ఏమన్నారో ఎవరికీ అంతుపట్టకుండా లేచి రాగలగాలి. పెళ్లి మాటలకు వెళ్లే మన పెదమామయ్యలకు ఈ విద్య పుట్టుకతోనే వస్తుంది. వారికి వయోపరిమితి సడలించకపోవడం దేశానికే నష్టం.

ముస్సోరీ సివిల్ సర్వీసుల అకాడమీలోనూ, ఢిల్లీలోని సుష్మా స్వరాజ్ విదేశీ సేవా సంస్థలోనూ శిక్షణయ్యాక ఒక విదేశీ భాష అప్పగిస్తారు. అరబ్బీయో, రష్యనో, మాండరినో. అందులో పాసైతే గానీ ఉద్యోగం ఖాయం కాదు. ఇంత శ్రమ దేనికంటే, ఆ భాషలో కూడా ఏమీ చెప్పకుండా ఉండటానికి.

థర్డ్ సెక్రటరీకి, అంటే ఎంబసీలో తొలి మెట్టు మీది కుర్ర దౌత్యవేత్తకి, తొలి పాఠం నోట్ వెర్బాల్. అవతలి దేశపు విదేశాంగ శాఖకు మన ఎంబసీ రాసే ఉత్తరమిది. ఇందులో ‘నేను’, ‘మీరు’ నిషిద్ధం. మన రాయబార కార్యాలయం వారి మంత్రిత్వ శాఖకు అభివాదాలు తెలుపుకోవడంతో మొదలవ్వాలి, అత్యున్నత గౌరవభావాన్ని మరోసారి చాటుకోవడంతో ముగియాలి. మధ్యలో ఉన్నది కారుకు పడ్డ పార్కింగ్ జరిమానా సంగతి కావచ్చు, సరిహద్దు దాటిన సైన్యం సంగతి కావచ్చు. తలా తోకా మాత్రం మారవు. కింద పూర్తి సంతకం ఉండదు, ముద్ర, పొడి అక్షరాలే. అంత బాధ్యత కూడా బరువనిపిస్తే నాన్‌పేపర్ ఉంది. దానికి లెటర్‌హెడ్ లేదు, సంతకం లేదు, సీలూ లేదు. రేపు బెడిసికొడితే ఆ కాగితం మాది కాదనొచ్చు. (ఈ కిటుకు మన తహసీల్దార్ ఆఫీసుల దాకా ఇంకా రాలేదు, బతికిపోయాం.)

కుర్చీల విషయంలో మాత్రం అస్పష్టత పనికిరాదు. 1661లో లండన్‌లో స్వీడన్ రాయబారి స్వాగత ఊరేగింపులో ఎవరి బండి ముందుండాలన్న దానిమీద ఫ్రెంచి, స్పానిష్ రాయబారుల మనుషులు వీధిలోనే ఒకరి ప్రాణాలు ఒకరు తీసుకున్నారు. ఆ తగువును 1815లో వియన్నా కాంగ్రెస్ తీర్చింది, 1961 నాటి దౌత్య సంబంధాల వియన్నా ఒప్పందం 16వ అధికరణంలోనూ అదే నియమం. ముందు బాధ్యతలు చేపట్టినవారికే ముందు పీట. నిన్న దిగిన అగ్రరాజ్యపు రాయబారి, ఆరేళ్లుగా పాతుకుపోయిన చిన్న దీవి రాయబారి వెనకే నిలబడాలి. కాబట్టి నియామక పత్రాలు సమర్పించే తేదీ ఒక్కరోజు జారిందా, పదవి ఉన్నన్నాళ్లూ వరుసలో ఒక మెట్టు కిందే.

అన్నిటికన్నా కఠినమైన పని ఓటు వెయ్యకపోవడం. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో ఔనుకి ఆకుపచ్చ, కాదుకి ఎరుపు, ఎటూ కాకుండా ఉండటానికి పసుపు మీటలుంటాయి. 2022 మార్చి 2న, ఉక్రెయిన్ నుంచి రష్యా సైన్యం వైదొలగాలన్న తీర్మానానికి 141 దేశాలు ఔనన్నాయి, 5 కాదన్నాయి, 35 పసుపు నొక్కాయి. మనం పసుపు. ఔననేవాడు మీట నొక్కి ఇంటికి పోవచ్చు. పసుపు నొక్కినవాడు ఎందుకు నొక్కాడో వివరణ చదవాలి, అది విని ఇరుపక్షాలకూ కోపం రాకూడదు. ఆ రోజుకి ఖార్కీవ్, సుమీ నగరాల్లో మన వైద్య విద్యార్థులు నేలమాళిగల్లో ఉన్నారు, అందులో తెలుగు పిల్లలూ ఉన్నారు. వాళ్లు బయటపడాలంటే రెండు సైన్యాలూ దారివ్వాలి. ఈ ఒక్కచోట వెక్కిరింపుకు నోరు రావడం లేదు.

చివరగా, పరాయి దేశంలో మనవాళ్ల కష్టసుఖాలు చూసే కాన్సులర్ విభాగం. పేరు కావాలనుకుంటే అటు చూడొద్దు. గల్ఫ్‌లో నిజామాబాద్ కూలీ ఒకరు చనిపోయారనుకోండి. అక్కడి మరణ ధ్రువపత్రం, పోలీసు రిపోర్టు, ఇంటివాళ్ల సమ్మతి పత్రం, పాస్‌పోర్టు రద్దు, ఎంబసీ ఎన్‌వోసీ, ఎంబామింగ్ (శవం చెడకుండా చేసే ఏర్పాటు) సర్టిఫికెట్, ఇవన్నీ కుదిరాకే కార్గో బుకింగ్. ఒక కాగితంలో పేరు స్పెల్లింగు తేడా వచ్చినా మళ్లీ మొదటికి. కఫీల్, అంటే అక్కడ పనిలో పెట్టుకున్న యజమాని, ఖర్చు పెట్టనంటే ఎంబసీ సంక్షేమ నిధి తలుపు తట్టాలి. ఇక్కడ అత్యున్నత గౌరవభావం ఎవరికీ అక్కర్లేదు. ఊరి నుంచి ఫోన్ చేసినవాళ్లు ఒక్కటే అడుగుతారు, ఏ రోజు పంపిస్తారు సారూ అని. తేదీ చెప్పాలి, చెప్పిన తేదీకి పంపాలి. అలా తేదీలు చెప్పే అలవాటు పడ్డవాణ్ని ఉమ్మడి ప్రకటనలు రాసే బల్ల దగ్గరికి ఎవరూ రానివ్వరు.