బౌల్స్ క్లబ్బు హాలు అద్దెకి తీసుకోవడం కాదు, మెంబర్లుగా చేరాలి

మెల్‌బోర్న్‌లో గానీ సిడ్నీలో గానీ ఏ పాత సబర్బ్‌కి వెళ్లినా ఫుటీ ఓవల్ (ఫుట్‌బాల్ మైదానం) పక్కనో రైల్వే స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలోనో తక్కువ ఎత్తు కంచె, లోపల బల్లపరుపుగా చదరంగా ఒక పచ్చిక, దాని వెనక పొడవాటి ఒంటంతస్తు బిల్డింగ్ కనిపిస్తాయి. అది లాన్ బౌల్స్ క్లబ్బు. ఇక్కడి మన తెలుగువాళ్లలో చాలామంది దృష్టిలో అది పెద్దవాళ్లు తెల్లబట్టలేసుకుని బంతులు దొర్లించే చోటు, లేదంటే పిల్లల పుట్టినరోజుకి చవగ్గా దొరికే హాలు. బిల్డర్ల దృష్టిలో మాత్రం ఊరి నడిమధ్య ఖాళీగా పడున్న స్థలం. ఇన్నేళ్లుగా ఇన్ని క్లబ్బులు మూతపడటానికి ఆట మీద ఇష్టం తగ్గడం ఒక్కటే కారణం కాదనీ, అక్కడికి వచ్చేవాళ్లు మెంబర్లు కాకుండా కస్టమర్లుగా మిగిలిపోవడం అసలు కారణమనీ నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఇంగ్లండ్‌లో ఎనిమిదో హెన్రీ కాలంలో, 1541లో, ఒక చట్టం చేశారు. దాని ప్రకారం కూలీలు, చేతిపనులవాళ్లు, అప్రెంటిస్ కుర్రాళ్లు క్రిస్మస్ రోజుల్లో తప్ప బౌల్స్ ఆడకూడదు, అప్పుడైనా యజమాని ఇంట్లో గానీ ఆయన కళ్లముందు గానీ ఆడాలి. ఆటల్లో పడి విలువిద్య ప్రాక్టీసు మానేస్తారని ప్రభుత్వం బెంగ. ఆస్తిపాస్తులున్నవాళ్లకి మాత్రం సొంత తోటలో ఆడుకునే వీలుండేది. ఆ చట్టాన్ని తీసేసింది 1845లో. ఆస్ట్రేలియాలో తొలి బౌల్స్ ఆటగా చెప్పుకునేది కూడా ఆ 1845లోనే, టాస్మేనియాలో హోబర్ట్ దగ్గర శాండీ బేలో ఒక టావర్న్ పక్కనున్న పచ్చిక మీద జరిగింది. మూడు వందల ఏళ్లు పనివాళ్లకి నిషేధమైన ఆట ఇక్కడికొచ్చాక ప్లంబర్లు, రైల్వే గార్డులు, స్కూల్ మాస్టార్లు శనివారం మధ్యాహ్నం ఆడుకునే ఆట అయిపోయింది, ఈ ఆట చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైన సంగతి ఇదే.

ఇవాళ మనం చూసే రూపం స్కాట్లాండ్ వాళ్ల పుణ్యం. 1840ల చివర్లో గ్లాస్గోకి చెందిన డబ్ల్యూ.డబ్ల్యూ. మిచెల్ అనే ఆయన రూల్స్‌ని ఒక పద్ధతిలో రాసిపెట్టాడు, 1830లో ఎడ్విన్ బడ్డింగ్ పేటెంట్ తీసుకున్న గడ్డి కోసే మెషీన్ వచ్చాక పచ్చికని సమంగా ఉంచడం మామూలు ఊళ్లకి కూడా అందుబాటులోకి వచ్చింది, వలస వచ్చిన స్కాట్లు ఆ రెండింటినీ వెంట తెచ్చుకున్నారు. మెల్‌బోర్న్ బౌలింగ్ క్లబ్ 1864లో విండ్సర్‌లో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది, ఆస్ట్రేలియాలో ఉన్నవాటిలో అన్నిటికన్నా పాతది ఇదే. 1880 వచ్చేసరికి విక్టోరియాలో, న్యూ సౌత్ వేల్స్‌లో రాష్ట్ర సంఘాలు కూడా ఏర్పడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సబర్బ్‌లు పెరిగేకొద్దీ క్లబ్బులూ పెరిగాయి, చాలాచోట్ల స్థలం కౌన్సిల్‌ది లేదా క్రౌన్ ల్యాండ్ (ప్రభుత్వ భూమి), నామమాత్రపు లీజు, బిల్డింగ్ మాత్రం మెంబర్లు తలా ఒక చెయ్యి వేసి కట్టుకున్నది. 1966లో తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ సిడ్నీ ఎయిర్‌పోర్టు పక్కనున్న కైయీమా అనే సబర్బ్‌లో పెట్టారు, 16 దేశాలు వచ్చాయి.

ఆట సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దూరం నుంచి చూసేవాళ్లకి ఇందులో ఏముందో అర్థం కాదు. జాక్ అనే చిన్న బంతిని ముందు దొర్లిస్తారు, అది వేసేవాళ్లు నిలబడే మ్యాట్ నుంచి కనీసం 23 మీటర్ల దూరం వెళ్లాలి. ఆ తర్వాత బౌల్స్ అనే పెద్ద బంతుల్ని దాని దగ్గరికి చేర్చాలి. చిక్కంతా ఎక్కడంటే బౌల్ నేరుగా వెళ్లదు. అది పూర్తి గుండ్రం కాదు, ఒక వైపు ఆకారంలోనే తేడా ఉంటుంది, వేగం తగ్గేకొద్దీ ఆ వైపుకి వంగుతుంది, దాన్నే బయాస్ అంటారు. కాబట్టి జాక్‌ని గురిపెట్టి వేస్తే అది జాక్ దగ్గరికి రాదు, పక్కకి రెండు మూడు మీటర్లు వదిలి వేస్తే చివర్లో మెల్లగా తిరిగి లోపలికి వస్తుంది. ఆస్ట్రేలియాలో మంచి ఫాస్ట్ గ్రీన్ (ఆడే పచ్చిక) మీద ఆ దూరం దొర్లడానికి 14, 15 సెకన్లు పడుతుంది, అంత సేపూ వేసినవాడు ఒంటికాలి మీద వంగి దాన్నే చూస్తుంటాడు, అవతలి చివర స్కిప్, అంటే టీము కెప్టెన్, చేతులతో ఇటు ఇటు అంటుంటాడు. జాక్‌ని తాకిన బౌల్ మీద చాక్‌తో గుర్తు పెడతారు. ఎవరిది దగ్గరో తేలకపోతే రెండు టీముల థర్డ్‌లూ (స్కిప్ తర్వాతి ఆటగాళ్లు) మోకాళ్ల మీద కూర్చుని టేపు పట్టుకుని కొలుస్తారు, ఇక్కడ అంపైర్ అక్కర్లేకుండానే "మీదే" అని అవతలివాడే ఒప్పుకోవడం చాలా మామూలు. ఇంకో సంగతి, చాలా గ్రీన్లలో ఉండే కౌచ్ గడ్డి మన గరిక జాతే. టిఫ్‌డ్వార్ఫ్ అనే హైబ్రిడ్ గరికని కొన్ని మిల్లీమీటర్ల ఎత్తుకి కోసి రోలర్ తిప్పుతారు.

క్లబ్బులోపల గోడ మీద ఆనర్ బోర్డులు ఉంటాయి, చెక్క మీద బంగారు అక్షరాలతో ప్రతి ఏడాది ప్రెసిడెంట్, సెక్రటరీ, చాంపియన్ పేర్లు. వాటిని వరసగా చదివితే ఆ సబర్బ్ చరిత్ర కొంత తెలుస్తుంది, ముందంతా ఇంగ్లిష్, స్కాటిష్ పేర్లు, తర్వాత ఇటాలియన్, గ్రీక్, క్రొయేషియన్ పేర్లు మెల్లగా మొదలవుతాయి, మన పేర్లు మాత్రం ఇంకా చాలా చాలా అరుదు. దీన్ని మన రచ్చబండతో పోల్చాలనిపిస్తుంది గానీ తేడా ఉంది. రచ్చబండ దగ్గర ఎవరు మాట్లాడాలో ఎవరు వినాలో ముందే ఖాయమైపోయి ఉంటుంది, ఇక్కడ రిటైరైన బ్యాంకు మేనేజరూ బస్సు డ్రైవరూ ఏజీఎంలో (ఏడాదికోసారి జరిగే మెంబర్ల మీటింగ్‌లో) ఒక్కొక్క ఓటుతో కూర్చుని గ్రీన్‌కి ఎంత ఖర్చు పెట్టాలో వాదించుకుంటారు, మినిట్స్ రాస్తారు, లెక్కలకి ఆడిట్ ఉంటుంది. కిచెన్ డ్యూటీ రోస్టరుంటుంది, శుక్రవారం మీట్ రాఫెల్ (మాంసం బహుమతిగా ఇచ్చే లాటరీ) ఉంటుంది, శనివారం పెనెంట్ (క్లబ్బుల మధ్య లీగ్) మ్యాచ్ అయ్యాక రెండు టీములూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని టీ గానీ బీర్ గానీ తాగాల్సిందే. భార్య పోయిన పెద్దాయన రెండు వారాలు కనిపించకపోతే ఎవరో ఒకరు ఇంటికెళ్లి చూసొస్తారు. ఇది ఏ ప్రభుత్వ శాఖ బడ్జెట్‌లోనూ కనిపించని పని.

ఈ క్లబ్బులు మొదటినుంచీ అందరినీ సమానంగా చూశాయని అంటే అది అబద్ధం. 1881లోనే విక్టోరియాలో స్టావెల్ అనే ఊళ్లో ఆడవాళ్లు బౌల్స్ ఆడారు, 1907లో వాళ్లు సొంతంగా రాష్ట్ర సంఘం పెట్టుకున్నారు, అయినా దశాబ్దాలపాటు శనివారం గ్రీన్ మగవాళ్లది, వారం మధ్యలో దొరికిన రోజులు ఆడవాళ్లవి, శాండ్‌విచ్‌లు చేసేది మాత్రం ఎప్పుడూ ఆడవాళ్లే. చాలాచోట్ల వాళ్లకి పూర్తి ఓటు కూడా ఉండేది కాదు. సగం ఊరిని సగం మెంబర్లుగానే ఉంచిన క్లబ్బులు తర్వాత మెంబర్లు దొరకట్లేదని బాధపడటంలో వాళ్ల సొంత తప్పు చాలానే ఉంది.

రెండో దెబ్బ డబ్బు రూపంలో వచ్చింది. న్యూ సౌత్ వేల్స్‌లో 1956లో క్లబ్బులకి పోకర్ మెషీన్లు, అంటే డబ్బులేసి ఆడే జూదం మెషీన్లు, చట్టబద్ధం చేశారు. ఒక్కసారిగా సబ్‌స్క్రిప్షన్లు, రాఫెల్ టికెట్లు లెక్కలోకి రానంత ఆదాయం, పెద్ద పెద్ద బిల్డింగులు, చవక భోజనాలు, జీతాలిచ్చి పెట్టుకున్న మేనేజర్లు. మెంబరు చేసే పనంతా జీతగాడు చేస్తుంటే మెంబరు మెల్లగా కస్టమర్ అయిపోయాడు. 1997లో అక్కడి పబ్బులకి కూడా ఆ మెషీన్లు పెట్టుకునే అనుమతి వచ్చాక ఆ ఆదాయం చిన్న క్లబ్బుల దగ్గర్నుంచి జారిపోయింది, అప్పటికి వాటి దగ్గర పెద్ద బిల్డింగు ఖర్చు మిగిలింది, పని చేసే అలవాటున్న మెంబర్లు మిగల్లేదు. పైగా ఆ డబ్బంతా అదే సబర్బ్‌లో ఎవరో ఒక కుటుంబం పోగొట్టుకున్న డబ్బే. 1997 నుంచి 2009 దాకా సాగిన కరువులో నీళ్ల ఆంక్షలొచ్చి కొన్ని క్లబ్బులు గ్రీన్ ఎండబెట్టుకున్నాయి, కొన్ని సింథటిక్ పరిచాయి, అదే సమయంలో భూమి ధరలు ఆకాశానికెళ్లాయి. పక్క క్లబ్బుతో మెర్జ్ అవ్వడం, ఒక సైట్ అమ్మేయడం, కొన్నేళ్లకి ఆ డబ్బూ అయిపోవడం, ఈ వరసలో పోయినవి ఒకటీ రెండూ కాదు.

దీనికి ఎదురు నిలబడ్డవాళ్లూ ఉన్నారు. సిడ్నీలో 1896 నాటి పీటర్‌షామ్ బౌలింగ్ క్లబ్ పోకర్ మెషీన్లు తీసేసి లైవ్ మ్యూజిక్, తిండి, చుట్టుపక్కల కుటుంబాల మీద నిలబడింది. మెషీన్లు లేకపోతే బతకలేం అనేవాళ్లకి ఇదొక్కటి చూపిస్తే చాలు. 2002లో ఒక కామెడీ సినిమా మన విండ్సర్ క్లబ్బులోనే తీశారు, కారు పార్కింగ్ కోసం మెంబర్‌షిప్ తీసుకున్న కుర్రాడు చివరికి ఆ క్లబ్బుని కాపాడటానికి ఆడతాడు. ఆ రోజుల్నుంచే బేర్‌ఫుట్ బౌల్స్ ఫ్యాషన్ కూడా పుంజుకుంది, ఆఫీసు గ్రూపులు చెప్పులు వదిలేసి గంట రెండు గంటలు ఆడి, తాగి, వెళ్లిపోతారు. దానివల్ల కరెంటు బిల్లులు కట్టగలుగుతున్నారు, కాదనను. కానీ బేర్‌ఫుట్ వాళ్లు ఏజీఎంకి రారు, ట్రెజరర్ పోస్టుకి నిలబడరు, లీజు రెన్యువల్ కోసం కౌన్సిల్ మీటింగ్‌కి వెళ్లి మాట్లాడరు. డెవలపర్ తలుపు తట్టిన రోజున లోపల ఓటేసేది ఎంతమంది అన్నదే తేలుస్తుంది, అప్పుడు అక్కడ ఎనభై దాటిన పాతికమంది మాత్రమే ఉంటే ఎంత మంచి మనసున్నవాళ్లయినా అలిసిపోయి సరే అంటారు.

ఇక్కడే మనం వస్తాం. 2021 జనాభా లెక్కల్లో ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు దాదాపు 60 వేలు, ఇప్పుడు ఇంకా ఎక్కువే ఉంటారు. మెల్‌బోర్న్ వెస్ట్‌లో టార్నీట్, పాయింట్ కుక్ వైపు ఏ వీధిలో చూసినా మనవాళ్లే. మన సంఘాలకి కొదవ లేదు, ఉగాదికి, బతుకమ్మకి హాళ్ల కోసం నెలల ముందు వెతుకులాట, అద్దెలు, ఇన్సూరెన్సు, రాత్రి పది గంటలకి తాళం వేసి ఇచ్చేయాలి. మరోపక్క వెర్రిబీ, ఆల్టోనా లాంటి పాత ఊళ్లలో బౌల్స్ క్లబ్బులున్నాయి, వాటికి హాలుంది, కిచెన్ ఉంది, పార్కింగ్ ఉంది. హైదరాబాద్‌లో పాత క్లబ్బు మెంబర్‌షిప్ అంటే లక్షల్లో మాట, ఏళ్ల తరబడి వెయిటింగ్, అందుకే క్లబ్ అనగానే మనది కాదు అనే భావం మనలో పాతుకుపోయింది. ఇక్కడ ఏడాదికి కొన్ని వందల డాలర్లు, ఫారం నింపితే రమ్మంటారు. మన అమ్మానాన్నలు ఆరేసి నెలలు వచ్చి ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఎప్పుడు వెనక్కి వెళ్దామా అని రోజులు లెక్కపెడుతుంటారు, మోకాళ్లు నొప్పులున్నా ఆడగలిగే, భాష పెద్దగా రాకపోయినా కలిసిపోగలిగే ఆట పక్కనే ఉంది.

క్లబ్బుల వైపు నుంచి కూడా మార్పు రావాలి. మీట్ రాఫెల్ పక్కన శాకాహారం తినేవాళ్లకి ఏదో ఒకటి, తాగనివాళ్లు కూర్చోవడానికి బార్‌కి దూరంగా నాలుగు కుర్చీలు, కొత్తగా వచ్చిన మనిషిని పేరు పెట్టి పలకరించే ఒక మెంబరు, ఇవేమీ ఖర్చుతో కూడిన పనులు కాదు. కొన్ని క్లబ్బులు ఇప్పటికే చేస్తున్నాయి, కొన్నిచోట్ల ఇంకా తలుపు దగ్గర చూసే చూపులోనే తేడా ఉంటుంది, అది దాచాల్సిన పని లేదు.

2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ గేమ్స్‌లో లవ్లీ చౌబే, పింకీ, నయన్‌మోనీ సైకియా, రూపారాణీ తిర్కీ 17-10తో దక్షిణాఫ్రికాని ఓడించి ఫోర్స్ (నలుగురి టీము) గోల్డ్ తెచ్చినప్పుడు మన ఇళ్లలో చాలామంది తొలిసారి ఈ ఆట చూశారు. వాళ్లలో ఒకరు పోలీసు ఉద్యోగి, ఒకరు స్కూల్లో పీఈ టీచర్. 2010 ఢిల్లీ గేమ్స్ దాకా మన దేశంలో ఈ ఆట గురించి తెలిసినవాళ్లే తక్కువ, వీధి చివర క్లబ్బు లేకుండానే వాళ్లు అంత దూరం వెళ్లారు. మనకి ఆ క్లబ్బు వీధి చివరే ఉంది. విక్టోరియాలో పెనెంట్ సీజన్ వసంతంలో మొదలవుతుంది, దానికి ముందు చాలా క్లబ్బులు ఓపెన్ డే పెడతాయి, బౌల్స్ వాళ్లే ఇస్తారు, నేర్పిస్తారు, అడుగు చదునుగా ఉన్న బూట్లు వేసుకెళ్తే చాలు, ఏజీఎం ఎప్పుడో కూడా అక్కడే అడగండి.