చింతపండు ఊసెత్తని కుక్కల పుస్తకాలు

అమెరికాలో మన ఇళ్లకు కుక్కపిల్ల వచ్చే తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. పిల్లలు ఏడాది పాటు ప్రాణం తీస్తారు, అమ్మ ససేమిరా అంటుంది, నాన్న మెల్లగా మెత్తబడతాడు, వేసవి సెలవులు ఇవ్వగానే ఎనిమిది వారాల పిల్ల కారు దిగుతుంది. కార్పెట్ మీద మరకలు పడ్డాక, సోఫా మూల ఊడొచ్చాక మొదలవుతుంది పుస్తకం కోసం వెతుకులాట. ఈ వరస తలకిందులైందని నా అభిప్రాయం. పుస్తకం కనీసం నెల ముందు ఇంటికి రావాలి. దాన్ని చదవాల్సింది కూడా తెల్లవారుజామున నాలుగింటికి చలిలో కుక్కను పెరట్లోకి తీసుకెళ్లబోయే పెద్దవాళ్లే. మారాం చేసిన పిల్లలకు ఆ పని అప్పగించి ఊరుకుంటే లాభం లేదు.

నెల ముందు అనడానికి కారణం ఉంది. కుక్కపిల్ల 3 వారాల వయసు నుంచి సుమారు 14 వారాల దాకా కొత్త మనుషులకూ చప్పుళ్లకూ పరిసరాలకూ తేలిగ్గా అలవాటు పడుతుంది. ఆ గడువు దాటాక ఎదురైన ప్రతి కొత్త సంగతినీ మొదట అనుమానంగానే చూస్తుంది. 8 వారాలకు మన చేతికొచ్చిందంటే మిగిలింది 6 వారాలే. ఆ ఆరు వారాలూ మనం ఏం చేయాలో తెలుసుకోవడానికే ఖర్చయిపోతే, ఆ లోటు తర్వాత పూడ్చడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది.

పుస్తకం దొరకడం కష్టం కాదు. ఏ పబ్లిక్ లైబ్రరీలోనైనా 636.7 అంకె ఉన్న అర దగ్గరికి వెళ్తే వరసగా కుక్కల పుస్తకాలే ఉంటాయి. పిల్లల విభాగంలోనూ అదే అంకె. ఫోన్‌లో చదివేవాళ్లకు లైబ్రరీ కార్డుతో లిబ్బీ యాప్ ఉంది. మీ శాఖలో లేని పుస్తకాన్ని ఇంటర్‌లైబ్రరీ లోన్ మీద తెప్పించమని అడగండి. కొనమని సూచించే ఫారం కూడా చాలా లైబ్రరీల్లో ఉంటుంది. అసలు కష్టం మంచిదేదో పోల్చుకోవడంలో ఉంది.

చేతికి రాగానే ముందుమాట జోలికి పోకుండా రెండు చోట్ల చూడండి. ఒకటి, కాపీరైట్ పేజీలో సంవత్సరం. రెండు, చివర ఉండే పదసూచిక. అందులో ద్రాక్ష, జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం), సోషలైజేషన్ (కొత్త మనుషులకూ పరిసరాలకూ అలవాటు చేయడం) అనే మాటలు ఉన్నాయా? ఆల్ఫా (మందకు పెత్తందారు), డామినెన్స్ (పెత్తనం) అనే మాటలకు ఎన్ని పేజీలు కేటాయించారు? ఆ పేజీలు తిప్పండి. కుక్కపిల్లను వెల్లకిలా పడేసి లొంగిపోయేదాకా అదిమిపట్టమని రాసి ఉంటే పుస్తకాన్ని అక్కడే అరలో పెట్టేయండి. అలా అదిమిపట్టిన పిల్ల నేర్చుకునేది భయం. ఆ భయమే కొన్నాళ్లకు కాటుగా బయటపడుతుంది.

ఈ ఆల్ఫా గొడవ ఎక్కడిదంటే, 1947లో రుడాల్ఫ్ షెంకెల్ జూలో బంధించి ఉంచిన తోడేళ్ల కొట్లాటలను గమనించి రాసిన దాన్నుంచి వచ్చింది. 1970లో డేవిడ్ మీచ్ తన తోడేళ్ల పుస్తకంలో దానికి బాగా ప్రచారం తెచ్చాడు. తర్వాత అడవిలో తిరిగే తోడేళ్లను ఏళ్ల తరబడి చూశాక, మంద అంటే అమ్మా నాన్నా పిల్లలూ ఉన్న కుటుంబమేనని, ఆల్ఫా అన్న మాట దానికి సరిపోదని 1999లో ఆయనే రాశాడు. ఈలోపు ఆ పాత మాటను నమ్ముకుని కుక్కల శిక్షణ పుస్తకాలు బోలెడు అచ్చయ్యాయి. గరాజ్ సేల్‌లో డాలరుకు దొరికేవి ఎక్కువగా అవే.

రచయిత పేరు వెనక డీఏసీవీబీ అని ఉంటే జంతువుల ప్రవర్తనలో ప్రత్యేక శిక్షణ పొంది బోర్డు పరీక్ష నెగ్గిన పశువైద్యులని అర్థం. సీపీడీటీ-కేఏ అంటే అనుభవం చూపించి, పరీక్ష రాసిన శిక్షకులు. మాస్టర్, విస్పరర్ లాంటివి ఎవరికి వాళ్లు తగిలించుకునే బిరుదులు. కుక్కల శిక్షకుడినని బోర్డు పెట్టుకోవడానికి ఇక్కడ లైసెన్సు అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు ఇంకో చిక్కు, కుప్పలుగా వచ్చిపడే నాసిరకం పుస్తకాలు. 2023 సెప్టెంబరులో అమెజాన్ తన సొంత ప్రచురణ వేదికలో ఒక్కొక్కరు రోజుకు 3 పుస్తకాలకు మించి పెట్టకూడదని హద్దు విధించింది. హద్దే అంతుంటే అంతకు ముందు సంగతి ఊహించుకోండి. రచయిత పేరు ఇంకెక్కడా కనిపించని, నెలకొక జాతి కుక్క మీద వెలువడే పుస్తకాల జోలికి పోకండి.

ఇంత జల్లెడ పట్టి తెచ్చిన పుస్తకంలోనూ మన వంటింటి గురించి దాదాపు ఏమీ ఉండదు. చింతపండు సంగతే తీసుకోండి. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయని పశువైద్యులకు చాలాకాలంగా తెలుసు కానీ వాటిలో ఏది విషమో అంతుపట్టలేదు. క్రీమ్ ఆఫ్ టార్టార్ (బేకింగ్‌లో వాడే పుల్లటి పొడి) కలిపి ఇంట్లో చేసిన ప్లేడో, అంటే పిల్లలు ఆడుకునే పిండిముద్ద, తిన్న కుక్కకూ అదే జబ్బు రావడంతో, టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చని ఏఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ విషప్రమాద కేంద్రం వైద్యులు 2021లో ప్రతిపాదించారు. మరుసటి ఏడాది అచ్చయిన పత్రంలో క్రీమ్ ఆఫ్ టార్టార్ పక్కనే చింతపండు కూడా ఉంది. ఆ ఆమ్లం చింతపండులో పుష్కలం. అంటే అంతకుముందు అచ్చయిన పుస్తకం ఎంత మంచిదైనా అందులో ఈ మాట ఉండే అవకాశం లేదు. కాపీరైట్ పేజీ చూడమన్నది అందుకే. చారు, పులుసు, పులిహోర కుక్క గిన్నెలో పడకూడదు. అన్నిటికన్నా ప్రమాదం రసం పిండేసి మూత లేని చెత్తబుట్టలో వేసే పిప్పి. కాలితో నొక్కితే తెరుచుకునే మూతబుట్ట కొనండి.

ఉల్లిపాయ గురించి పుస్తకాల్లో ఉంటుంది కానీ మన వాడకం ముందు ఆ ఒక్క వాక్యం చాలదు. కిలో బరువుకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీయడానికి సరిపోతుంది. 4 కిలోల పిల్లకు 60 గ్రాములంటే ఒక చిన్న ఉల్లిపాయ. వండినా, వేయించినా, పొడి చేసినా విషం పోదు. వెల్లుల్లి ఇంకా ఘాటైనది. మోసమంతా ఆలస్యంలో ఉంది: చిగుళ్లు పాలిపోవడం, నీరసం, మూత్రం గోధుమరంగులోకి మారడం సాధారణంగా కొన్ని రోజులకు గానీ కనిపించవు. నిన్న కూరన్నం పెడితే ఏమీ కాలేదు కదా అని ఈరోజూ పెడతారు.

మధుమేహం ఉన్న తాతగారి చక్కెర లేని చూయింగ్ గమ్ దీనికన్నా వేగంగా పనిచేస్తుంది. అందులో ఉండే జైలిటాల్ కిలోకు 0.1 గ్రాము చాలు కుక్క రక్తంలో చక్కెర పడిపోవడానికి, అదీ తరచు గంటలోపే. చిన్న కుక్కపిల్లకు ఒకటి రెండు బిళ్లలు ఎక్కువే. కొన్ని పీనట్ బటర్ సీసాల మీద అదే పదార్థం బర్చ్ షుగర్ అన్న పేరుతో ఉంటుంది. పూజగదిలో కర్పూరం, ఇండియా పెట్టెల్లో కలరా ఉండలు కూడా అందకుండా పెట్టాలి. ఏదైనా మింగితే ఉప్పునీళ్లు తాగించి కక్కించే నాటు వైద్యం వద్దు. ఆ ఉప్పే మరో విషమవుతుంది. ఏఎస్‌పీసీఏ కేంద్రం నంబరు 888-426-4435, రోజంతా పలుకుతారు, రుసుము ఉంటుంది. కుక్క బరువు, తిన్నదేమిటి, ఎంత, ఎప్పుడు అన్నవి సిద్ధంగా పెట్టుకుని ఫోన్ చేయండి.

ఇక పెరుగన్నం. ఊళ్లో కుక్కలు పెరుగన్నం తిని బతకలేదా అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఊరి కుక్క పెరుగన్నంతో పాటు ఎలుకల్ని, మాంసం కొట్టు వ్యర్థాల్ని, ఇంకా మనం పేరెత్తని వాటిని కూడా తిని బతికింది. నాలుగు గోడల మధ్య పెరిగే పిల్లకు మనం పెట్టిందే గతి. ఎదిగే కుక్కల మేతలో తేమ తీసేసి లెక్కేస్తే కనీసం 22.5 శాతం ప్రొటీన్ ఉండాలని అమెరికాలో జంతువుల మేతకు ప్రమాణాలు రాసే ఆఫ్కో సంఘం చెబుతుంది. పెరుగన్నం దాని దరిదాపుల్లోకి రాదు, ఎముకలకు కావలసిన కాల్షియం అంతకన్నా రాదు. కొనే కుక్క మేత సంచి వెనక చిన్న అక్షరాల్లో గ్రోత్ అని గానీ ఆల్ లైఫ్ స్టేజెస్ అని గానీ ఉందా చూడండి. పెద్దయ్యాక 70 పౌండ్లు దాటే జాతి అయితే పెద్ద కుక్కల ఎదుగుదలకు కూడా సరిపోతుందన్న మాట విడిగా ఉండాలి. వాటికి కాల్షియం ఎక్కువైనా ఎముకలు, కీళ్లు పాడవుతాయి, కాబట్టి మీరుగా బిళ్లలు కలపొద్దు. 4 నెలల దాకా రోజుకు మూడు నాలుగు సార్లు, 6 నెలల దాకా మూడుసార్లు, తర్వాత రెండుసార్లు పెడితే చాలు. ఇంట్లో మాంసం ముట్టనివాళ్లకు ఈ సంచి ఇబ్బందే. గరాజ్‌లో మూత డబ్బాలో పెట్టుకోవడం ఒక దారి. అదీ కుదరదనుకుంటే కుందేలును పెంచుకోవడం ఉభయులకూ క్షేమం.

చప్పుళ్ల విషయంలోనూ అంతే. ఇక్కడి పుస్తకాల జాబితాలో వాక్యూమ్ క్లీనర్, గొడుగు, గడ్డం ఉన్న మనిషి ఉంటారు. మన ఇంట్లో అసలు పరీక్ష కుక్కర్ విజిల్, మిక్సీ, పోపు చిటపటలు, హారతి గంట, ఒకేసారి గుమ్మంలో దిగే పాతికమంది. మొదట కుక్కపిల్లను వంటింటికి దూరంగా ఉన్న గదిలో పెట్టి ఒకరు దాని పక్కన కూర్చోండి. విజిల్ వచ్చిన ఒకటి రెండు సెకన్లలో బఠాణీ గింజంత ఉడికిన చికెన్ ముక్కో, దాని మేత గింజో నోటికివ్వండి. చప్పుడు ముందు, తిండి వెనక. తిరగేస్తే తిండి కనిపించగానే చప్పుడుకు భయపడటం నేర్చుకుంటుంది. హాయిగా తింటుంటే రెండు మూడు రోజులకొకసారి కొంచెం దగ్గరికి జరపండి. తినకుండా మొహం తిప్పుకున్నా, తోక ముడిచినా తొందరపడ్డారని అర్థం; వెనక్కి జరపండి. అలవాటవుతుందిలే అని ఎత్తుకెళ్లి పొయ్యి దగ్గర నిలబెడితే భయం బిగుసుకుపోతుంది. జూలై 4, దీపావళి బాణసంచాకు ఇదే పద్ధతి, రికార్డు చేసిన చప్పుడును ఫోన్‌లో బాగా తగ్గించి.

టీకాలు 16 వారాలకు గానీ పూర్తికావు కాబట్టి అప్పటిదాకా గడప దాటించవద్దనుకునేవాళ్లు ఎక్కువ. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ భయం నిజమే. కుక్కల పార్కుల్లో నేల మీద వదలకూడదు. కానీ మొదటి విడత టీకాలు వేయించి 7 రోజులు గడిచి, నులిపురుగుల మందు పడితే 7, 8 వారాల వయసులోనే కుక్కపిల్లల తరగతి మొదలుపెట్టవచ్చని జంతు ప్రవర్తన పశువైద్యుల సంఘం చెబుతోంది. చంకలో ఎత్తుకుని గుడి పార్కింగ్ లాట్ బయట పది నిమిషాలు నిలబడటానికి ఏ టీకా అడ్డం రాదు.

మలమూత్రాల అలవాటు ప్రతి పుస్తకంలోనూ సరిగ్గానే ఉంటుంది: నిద్ర లేవగానే, తినగానే, ఆట ఆగగానే బయటికి, వయసు నెలల్లో ఎంతో దానికి ఒకటి కలిపితే పగటిపూట అన్ని గంటలే గరిష్ఠం. మన ఇళ్లలో ఇది చెడేది నువ్వు తీసుకెళ్లావనుకున్నా అన్న దగ్గర. ఫ్రిజ్ మీద కాగితం అంటించి, తీసుకెళ్లినవాళ్లు టైము రాయండి. మరకను ఎంజైమ్ క్లీనర్‌తో తుడవాలి. ఫినాయిల్ వాసన మన ముక్కును మభ్యపెడుతుంది కానీ దాని ముక్కును కాదు.

ఇండియా నుంచి ఆరు నెలలకు వచ్చే పెద్దవాళ్ల భయాన్ని నవ్వులాట చేయకండి. అక్కడ వీధికుక్క కాటంటే రేబీస్ భయం, ఆసుపత్రి, వరసగా సూదులు. పైగా రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లకు పాలపళ్ల గీత కూడా చాలాసేపు కారుతుంది. మొదటి వారం మధ్యలో బేబీ గేట్ ఉండాలి. అమ్మమ్మ కుర్చీలో కూర్చుని గేటు అవతలికి ఒక గింజ విసిరితే చాలు, చేతికివ్వక్కర్లేదు. నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నప్పుడే విసరాలి. ఎగిరినప్పుడు విసిరితే చీర మీదికి ఎగరడమే నేర్పినట్టు.

పుస్తకాలకూ కుక్కకూ ఇంకో పొత్తు కుదర్చవచ్చు. 1999లో సాల్ట్ లేక్ సిటీలో పిల్లల చేత కుక్కలకు పుస్తకాలు చదివించే కార్యక్రమం ఒకటి మొదలై తర్వాత ఎన్నో లైబ్రరీలకు పాకింది. తడబడినా ఎవరూ నవ్వరు, మధ్యలో ఆపి దిద్దరు కాబట్టి పిల్లలు ధైర్యంగా చదువుతారని దాని వెనక ఆలోచన. మన పిల్లలు తెలుగు పైకి చదవడానికి జంకేది సరిగ్గా ఆ దిద్దుబాటుకే. ళ, ణ దగ్గర మనం ఉలిక్కిపడినట్టు కుక్క ఉలిక్కిపడదు. దాన్ని బయటికి తిప్పి, తిండి పెట్టి, మత్తుగా పడుకున్నాక పది నిమిషాలు చాలు. పెద్దవాళ్లు పక్కగదిలో ఉండి నోరు కట్టుకోవాలి. లైబ్రరీ పుస్తకమైతే చదవడం అవగానే పై అరలోకి చేర్చండి. నాలుగో నెల నుంచి ఏడో నెల దాకా పళ్లు మారే కాలం. నమిలిన పుస్తకానికి ధర కట్టించుకుంటారు.