బైబిలు క్లబ్బు కోసం తెరిచిన తరగతి గది

అమెరికాలో 1984 నాటి ఈక్వల్ యాక్సెస్ చట్టం కోసం గట్టిగా పట్టుబట్టింది క్రైస్తవ సంప్రదాయవాదులు. బడి అయ్యాక పిల్లలు బైబిలు చదువుకుంటామంటే ప్రభుత్వ హైస్కూళ్లు గదులివ్వడం లేదని వాళ్ల బాధ. పాఠాలతో సంబంధం లేని ఒక్క క్లబ్బుకు చోటిచ్చినా, భావాలు నచ్చలేదని మరో క్లబ్బును కాదనకూడదని చట్టం తేల్చింది. యూటా రాష్ట్రం సాల్ట్ లేక్ సిటీ ఈస్ట్ హైస్కూల్లో గే-స్ట్రెయిట్ అలయన్స్ (గే పిల్లలు, స్ట్రెయిట్, అంటే స్వలింగ ఆకర్షణ లేని పిల్లలు కలిసి నడుపుకునే క్లబ్బు) పెడతామన్న విద్యార్థులకూ అదే చట్టం దన్నుగా నిలిచింది. కాదనే దారిలేక స్కూల్ బోర్డు 1996లో పాఠ్యేతర క్లబ్బులన్నింటినీ ఎత్తేసింది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటే ఇదే. పిల్లలు రోడ్డెక్కారు, కోర్టుకెళ్లారు. 2000లో బోర్డు దిగొచ్చింది.

ఇలాంటి గే-స్ట్రెయిట్ క్లబ్బు 1988లో మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ అకాడమీలో మొదలైంది. చరిత్ర టీచర్ కెవిన్ జెన్నింగ్స్ దగ్గర ఆ ఆలోచన పెట్టింది ఒక స్ట్రెయిట్ అమ్మాయి. అసలు కిటుకంతా అక్కడే ఉంది. ఎవరైనా రావచ్చు కాబట్టి, వచ్చినవాళ్లు 'ఎవరు' అన్న ప్రశ్నే రాదు. ఫ్రెండుకు తోడొచ్చానంటే చాలు. తన సంగతి తనకే ఇంకా తేలని పదిహేనేళ్ల పిల్లాడికి ఆ వెసులుబాటు చిన్నదేం కాదు.

టెక్సస్ మాత్రం 2025లో ఎస్‌బీ 12 అనే చట్టం తెచ్చి, లైంగికత, జెండర్ ప్రాతిపదికన నడిచే క్లబ్బులను ప్రభుత్వ బడుల్లో నిషేధించింది. మిగతా ఏ క్లబ్బులో చేరాలన్నా ఇంట్లో సంతకం కావాలంది. ఫ్రిస్కో, ఇర్వింగ్, కేటీల్లో మన తెలుగు కుటుంబాలు దండిగా ఉన్నాయి. 'పిల్లలేం చేస్తున్నారో మాకు తెలియొద్దా?' అనే తల్లిదండ్రులను తప్పుపట్టలేం. కానీ దీన్ని తల్లిదండ్రుల హక్కుల చట్టమని చెబుతున్నారు చూడండి, నాకు మింగుడుపడనిది అదే. రోబోటిక్స్‌కు పంపాలా వద్దా అన్నది అమ్మానాన్నల ఇష్టం, చెస్‌కూ అంతే. 'మా అమ్మాయి ఈ క్లబ్బుకు వెళ్తే మాకు అభ్యంతరం లేదు' అనే తల్లికి మాత్రం సంతకం పెట్టడానికి కాగితమే లేదు. ఆమె హక్కును టెక్సస్ రాజధాని ఆస్టిన్‌లోని శాసనసభ్యులు తమ చేతుల్లోకి తీసుకున్నారు.

ఇది పరాయివాళ్ల గొడవని మనవాళ్లు పక్కకు తప్పుకోవచ్చు. రేపు బడిలో హిందూ విద్యార్థుల క్లబ్బుకు గదివ్వమని ఏ బోర్డయినా మొండికేస్తే, మన లాయరు కోర్టులో చూపించాల్సింది కూడా ఆ 1984 చట్టాన్నే.