పెన్న పాఠం ఒకటే, టీచర్లు నలుగురు

నాలుగు సబ్జెక్టులు కలిపి చెప్పిన యూనిట్ ముగిసిన రోజున స్కూళ్ళలో ఏం జరుగుతుందో టీచర్లందరికీ తెలుసు. చార్టులు గోడకెక్కుతాయి, ఫొటోలు వాట్సాప్ గ్రూపులోకి వెళ్తాయి, హెచ్‌ఎం గారు బాగుందంటారు, మర్నాటి నుంచి ఎవరి సిలబస్ వాళ్ళది. పిల్లల నోటు పుస్తకాలు ముందు పెట్టుకుని, వీళ్ళకు అసలేం పట్టుబడింది అని ఆ టీచర్లంతా కలిసి చూసుకునే గంట మాత్రం ఎక్కడా దొరకదు. నా లెక్కలో యూనిట్‌కు ప్రాణం ఆ గంటే. అదీ యూనిట్ సగంలో ఉండగా జరగాలి, ఎందుకంటే అయిపోయాక తప్పు తెలిసినా ఆ పిల్లలకు ఒరిగేదేమీ లేదు.

నేను నెల్లూరు జిల్లాలో పెన్న ఒడ్డుకు దగ్గర్లో ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. మేం తొమ్మిదో తరగతికి 2021 నవంబరు వరద మీద ఒక ఉమ్మడి యూనిట్ పెట్టుకున్నాం. మా పిల్లలకు అది పుస్తకంలోని వరద కాదు. ఆ నెల 19న ఎగువన పెన్నలో కలిసే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, పెన్న మీది సోమశిల జలాశయం నుంచి 5 లక్షల క్యూసెక్కులకు (క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు) పైగా కిందికి వదిలారు, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి. అప్పటికి వీళ్ళు చిన్న క్లాసుల్లో ఉన్నారు, ఇళ్ళలోకి నీళ్ళొచ్చిన వాళ్ళూ ఉన్నారు.

పంచుకోవడం బాగానే పంచుకున్నాం. సోషల్ సార్‌కు నంది కొండల్లో పుట్టి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసే నది, లెక్కల మేడంకు క్యూసెక్కులు, టీఎంసీలు (ఒక్కోటి వంద కోట్ల ఘనపుటడుగులు), సైన్స్ మేడంకు వాయుగుండం, నాకు వ్యాసం. పది రోజులు గడిచాక ఒక మధ్యాహ్నం నలుగురం స్టాఫ్ రూములో కూర్చుని ఒకే అమ్మాయి నోటు పుస్తకాలు నాలుగూ పక్కపక్కన పరిచాం. లెక్కల పుస్తకంలో సెకనుకు 5 లక్షల ఘనపుటడుగులు, రోజుకు 86,400 సెకన్లు, మొత్తం 43.2 టీఎంసీలు అని తప్పు లేకుండా చేసింది. సోషల్ పుస్తకంలో సోమశిల సామర్థ్యం 78 టీఎంసీలని రాసుకుంది. ఈ రెండు అంకెలనూ ఒకచోట పెట్టి చూస్తే, అదే వేగంతో వదిలితే నిండు సోమశిల రెండు రోజుల్లోపే ఖాళీ అవుతుందని తెలిసిపోతుంది. ఆ పిల్ల అలా పెట్టలేదు, మాలో ఎవరం పెట్టమని అడగలేదు కూడా. ఇక నా వ్యాసంలో ‘ప్రకృతి విలయతాండవం చేసింది’ అని ఉంది. ఆ రాత్రి వాళ్ళ కుటుంబమంతా పక్కింటి డాబా మీద గడిపారని నాకు తర్వాత తెలిసింది, వ్యాసంలో దాని ఊసే లేదు. అలాంటి మాటలే రాయాలని పిల్లలకు అలవాటు చేసింది నేనే కాబట్టి అది నాకు గట్టిగానే తగిలింది.

మొదటి పావుగంట ఎవరి పాఠాన్ని వాళ్ళం వెనకేసుకొచ్చాం. నా పోర్షన్ అయిపోయింది, స్లిప్ టెస్టులో మార్కులు కూడా బాగానే వచ్చాయి అని ఒకరంటే, అవును, నాకూ అంతే అని ఇంకొకరు. అందరూ చెప్పింది నిజమే, అందుకే మాట ముందుకు సాగలేదు. చివరికి లెక్కల మేడం, “ఈ పిల్ల నా దగ్గర నేర్చుకున్నది మీ పుస్తకాల్లో ఎక్కడైనా వాడిందేమో చూపించండి సార్” అన్నారు. నాలుగు పుస్తకాలూ తిరగేశాం. ఒక్క చోట కూడా లేదు. ఒకే పేరు కింద నాలుగు పాఠాలు ఎవరికి వారు చెప్పుకుపోయాం, అంతే.

అక్కడి నుంచి యూనిట్‌ను ఒక్క ప్రశ్న చుట్టూ తిప్పాం: సోమశిల గేట్లు ఎత్తితే మన ఊరికి ఎంత టైం ఉంటుంది? పిల్లలు మ్యాపు మీద నది వంపుల వెంట దారం పరిచి దూరం కొలిచారు, నీటి వేగం ఇంత ఉంటుందనుకుని గంటలు లెక్కగట్టారు, ఇంటికెళ్ళి పెద్దవాళ్ళను ఆ రోజు నీళ్ళు ఎన్నింటికి వచ్చాయని అడిగారు. లెక్కలో వచ్చిన టైం, ఇంట్లో చెప్పిన టైం కలవలేదు. అసలైన పాఠం మొదలైంది అప్పుడే. దారిలో బొగ్గేరు, బీరాపేరు కలుస్తాయి, సంగం దగ్గర ఆనకట్ట అడ్డం ఉంటుంది, నది గట్టు దాటి పొలాల మీద పరుచుకుంటే వేగం మారిపోతుంది అంటూ సైన్స్, సోషల్ ఒకదాన్నొకటి వెతుక్కున్నాయి. నేను వ్యాసం తీసేసి, ఊళ్ళో దండోరా వేయడానికి నాలుగు వాక్యాల హెచ్చరిక రాయమన్నాను. “క్యూసెక్కంటే మా అవ్వకెట్లా చెప్పేది సార్?” అని ఒకడు అడిగాడు. సెకనుకు 28 లీటర్లంటే ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను ఒకటిన్నర కన్నా కాస్త తక్కువ అని వాడే లెక్కేసుకుని రాసుకొచ్చాడు. ఆ వాక్యం కోసం వాడికి తెలుగుతో పాటు లెక్కలు కూడా కావలసి వచ్చాయి.

ఇంకో మాట కూడా చెప్పాలి. మొదట్లో ఇంగ్లీషు సార్‌ను కూడా ఇందులో కలిపాం, ఆయన వరద మీద కొన్ని మాటలు నేర్పించారు. మేం కూర్చోబోయే ముందు ఆయనే వచ్చి, నా భాగం అతికించినట్టుంది, తీసేయండి అన్నారు. ఆ నిజాయితీ నాకు చాలా గొప్పగా అనిపించింది. అవసరం లేని సబ్జెక్టును కలపకుండా ఉండటం కూడా ఉమ్మడి పనే.

టెన్త్ రిజల్ట్స్ టెన్షన్‌లో ఇవన్నీ కుదరవని చాలామంది అంటారు, ఆ ఇబ్బంది నేనూ పడుతున్నాను. అందుకే ఏడాదికి నాలుగు యూనిట్లు వద్దు, ఒక్కటి చాలు. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) అనే అంతర్జాతీయ బోర్డు వాళ్ళ మిడిల్ ఇయర్స్ ప్రోగ్రామ్ కూడా ఇలాంటి ఉమ్మడి యూనిట్ ఏటా కనీసం ఒకటి చేయమనే అడుగుతుంది. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరూ ఏటా 50 గంటలు వృత్తిపరంగా నేర్చుకోవాలంటోంది. ఆ గంటల్లో మూడో నాలుగో ఉపన్యాసాలు వినడానికి కాకుండా, సొంత స్కూల్లో సొంత పిల్లల పుస్తకాలు చూసుకోవడానికి ఇస్తే తప్పేముంది? జపాన్‌లో టీచర్లు తోటి టీచరు క్లాసులో కూర్చుని చూసి, తర్వాత అందరూ కలిసి ఆ క్లాసులో పిల్లలు ఏం చేశారన్నదే మాట్లాడుకుంటారు, ఎన్నో ఏళ్ళుగా. చుట్టుపక్కల స్కూళ్ళ టీచర్లంతా కలిసే మన కాంప్లెక్స్ మీటింగుల్లో ఆ పని ఎందుకు చేయకూడదు? హెచ్‌ఎం గారు టైంటేబుల్లో ఆ నలుగురికీ వారానికి ఒక లీజర్ పీరియడ్ ఒకేసారి పడేలా చూస్తే సగం అడ్డంకి తీరిపోతుంది. మాకు అది దొరకలేదు, మధ్యాహ్న భోజనం వేళలోనే కానిచ్చాం.

మిగతా సగం బదిలీలు. నలుగురిలో ఒకరు వెళ్ళిపోతే ఏం మార్చాం, ఎందుకు మార్చాం అన్నది వాళ్ళతోనే పోతుంది. అందుకని ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాం. అందులో లెసన్ ప్లాన్‌లు లేవు, ఏ తేదీన ఏ పిల్లల పుస్తకాలు చూశాం, ఏం కనబడలేదు, ఏం మార్చాం అని మాత్రమే ఉంటుంది. తర్వాత మా సోషల్ సార్‌కు నిజంగానే బదిలీ అయింది. కొత్తగా వచ్చిన సార్ ఆ నోట్‌బుక్ ఒక రాత్రి ఇంటికి తీసుకెళ్ళి చదువుకుని, పొద్దున్నే వచ్చి అడిగారు: “దారంతో కొలిచిన పిల్లలు ఇప్పుడు టెన్త్‌లో ఉన్నారు కదా సార్, ఈసారి మా తొమ్మిదో తరగతికి వాళ్ళ చేత చెప్పిద్దామా?”