గ్లాస్గోకి ఐఈఎల్‌టీఎస్ పెట్టాలి

ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో ఏడున్నర బ్యాండు కొట్టి స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో దిగిన మన కుర్రాళ్లు వీడియోలు పెడుతున్నారు: "గాయ్స్, ఇక్కడ ఎవరికీ ఇంగ్లీషు రాదు!" చదువుకున్న పిల్లలు, అబద్ధం చెబుతారా? ఆరు లక్షల పైచిలుకు జనమున్న ఆ నగరాన్ని తక్షణం అమీర్‌పేటకి తరలించి కోచింగ్ ఇప్పించాలని నా మనవి.

నేరాలు మామూలువి కావు. కూల్‌డ్రింక్ ఏ రంగుదైనా సరే, పాతకాలం వాళ్లకి అది "జింజరే". "మెసేజెస్‌కి వెళ్తున్నా" అన్న ముసలావిడ ఫోన్ ముట్టుకోదు, సంచీ పట్టుకెళ్లి పాలూ బ్రెడ్డూ తెచ్చుకుంటుంది. ఔననడానికి గోదారోళ్లలాగే "ఆయ్" అంటారు. అక్కడితో ఆగొచ్చుగా? వెనకాల "రైట్" తగిలించి, ఛస్తే నమ్మను అనే అర్థం లాగుతారు.

పెద్దలంటే గౌరవమా, అదీ లేదు. ఊరి నడిబొడ్డున మోడరన్ ఆర్ట్ గ్యాలరీ ముందు గుర్రమెక్కిన వెల్లింగ్టన్ ప్రభువు విగ్రహముంది. నెపోలియన్‌ని ఓడించినవాడు. అంతకుముందు, 1799లో, నిజాం సైన్యాన్ని వెంటేసుకుని టిప్పు మీదికి వెళ్లినవాడు. అంతటి మనిషి నెత్తిన నారింజ రంగు ట్రాఫిక్ కోన్! అధికారులు దించుతారు. రాత్రి ఎవడో మందు దిగిన ధైర్యంతో మళ్లీ ఎక్కించి వస్తాడు. ఒక్కోసారి గుర్రానికీ ఒకటి. దశాబ్దాలుగా ఇదే తంతు. 2013లో నగరపాలక సంస్థ 65 వేల పౌండ్లతో దిమ్మ ఎత్తు పెంచుదామని ఆలోచించింది. తాగినవాడు ఎంత ఎత్తు ఎక్కగలడు, ఇద్దరైతే ఎంత, ఒకడి భుజాల మీద ఇంకొకడు నిలబడితే ఎంత అని ఇంజనీర్లు టేపు పట్టుకుని లెక్కలేసుకునే దృశ్యం తలుచుకుంటేనే నాకు కడుపు నిండిపోతుంది. జనం వేల సంతకాలు పెట్టి గోల చేస్తే ఆ ప్లాన్ అటకెక్కింది. కోన్ నెత్తికెక్కింది.

అయినా కోచింగ్ కొత్తేమీ కాదు, ఇదివరకే ఇచ్చారు. స్కాట్లండ్ బడుల్లో ఇంటి మాట నోరు జారితే "చెయ్యి చాపు" అని తోలు బెల్టుతో కొట్టిన పంతుళ్లున్నారు. ప్రభుత్వ బడుల్లోంచి ఆ బెల్టు 1987లో గానీ పోలేదు. వాళ్లమ్మ మాట్లాడినట్టు మాట్లాడిన పాపానికి పసివాడి అరచెయ్యి వాచిపోయింది. ఆ పంతులుకి ఏ బ్యాండు ఇస్తారు? ఆ ఇంటి మాటకి, అంటే స్కాట్స్ భాషకి, అధికార హోదా ఇస్తూ చట్టం చేయడానికి 2025 దాకా ఆగాల్సొచ్చింది. చేతులు వాచిన పిల్లలు ఈపాటికి తాతలైపోయారు.

మనవాడికి ఇదంతా కామెడీ. తన ఊరి యాసని సినిమాల్లో రౌడీలకీ పనిమనుషులకీ అంటగడితే కడుపు మండి పోస్టులు పెట్టింది వీడే. ఇప్పుడు బస్ డ్రైవర్ మాటని దొంగచాటుగా రికార్డు చేసి కింద నవ్వే బొమ్మలు పెట్టేదీ వీడే. సిగ్గుండాలి! ఆ ఊళ్లో ఎవరు బస్సు దిగినా డ్రైవర్‌కి థాంక్స్ చెప్పి దిగుతారు. ఏడున్నర బ్యాండువాడికి ఆ ఒక్క ముక్క నోట్లోంచి రాదు.