మమ్మల్ని భయపడనివ్వండి

మా బాబాయి కొడుకుని గదిలోంచి పంపించేసి వచ్చి ఇది రాస్తున్నాను. కోపం ఇంకా దిగలేదు.

ఏలియన్ ఐసోలేషన్ ఆడుతున్నాను. అంతరిక్ష కేంద్రంలో వేటాడే ఒక ఏలియన్‌కి చిక్కకుండా దాక్కుంటూ బతకాల్సిన హారర్ వీడియో గేమ్ అది. శాన్ క్రిస్టోబల్ ఆస్పత్రి భాగం. ఆడినవాళ్లకి ఆ పేరు చెబితే చాలు. వాడు వచ్చి లైటు వేసి, "అన్నా, ఒక్కసారి ఇవ్వవా" అంటూనే కంట్రోలర్ లాక్కున్నాడు. కారిడార్‌లో పరుగందుకున్నాడు. ఒరేయ్, అడుగుల చప్పుడుకి వచ్చేస్తుందిరా అని చెబుతూనే ఉన్నాను. వచ్చింది, చంపేసింది. "ఇదేం గేమ్ అన్నా, పెద్ద మోసం. ఎక్కడున్నా దానికి తెలిసిపోతోంది. నెట్‌లో ట్రైనర్ అని చీట్ ప్రోగ్రామ్ దొరుకుతుంది, పెట్టేసుకో, అదసలు నిన్ను పట్టించుకోదు" అన్నాడు. అక్కడితో ఆగినా ఊరుకునేవాడిని. ఫోన్ తీసి కజిన్స్ గ్రూపులో "అన్న ఆడేది ఓవర్‌రేటెడ్ గేమ్" అని పెట్టాడు. కింద వరసగా నవ్వే బొమ్మలు.

మోసమా? ఆ గేమ్‌లో ఏలియన్‌ని నడిపేవి రెండు కంప్యూటర్ మెదళ్లు. ఒకటి పైనుంచి చూసేది. మనం ఎక్కడున్నామో దానికి తెలుసు. కానీ ఏలియన్‌కి అది చెప్పేది ఏ చుట్టుపక్కల వెతకాలో అంతవరకే. మిగతాదంతా ఏలియన్ తన కళ్లతో, చెవులతో వెతుక్కోవాల్సిందే. పైగా అది చాలాసేపు మన దగ్గరే తిరిగిందంటే, ఆ పైనున్న మెదడే దాన్ని వెనక్కి పిలిచి వెంట్‌లోకి, అంటే గాలి గొట్టాల్లోకి, పంపించేస్తుంది, మనకి కాస్త ఊపిరి ఆడాలని. ఎంత ఆలోచించి చేసిన పని అది! దాన్ని పట్టుకుని మోసం అంటాడా?

అసలు ఆ కథలో ఉన్నది ఎవరు? అమాండా రిప్లీ. ఇంజనీరు. 15 ఏళ్ల క్రితం ఓడతో సహా మాయమైన తల్లి కోసం, 2137లో సెవాస్టొపోల్ అనే అంతరిక్ష కేంద్రానికి వస్తుంది. సైనికురాలు కాదు. చేతిలో తుపాకీ ఉన్నా ఏలియన్ చావదు, ఆట మొత్తంలో ఎక్కడా చావదు. ఫ్లేమ్‌త్రోవర్‌తో మంట పెడితే కాసేపు వెనక్కి తగ్గుతుంది, అంతే. అదే పనిగా వాడితే దానికీ మంటంటే బెరుకు తగ్గుతుంది. అలాంటి చోట ఒక మామూలు మనిషి ఎలా ఉంటుందో అలాగే మనమూ ఉండాలి. దాక్కోవాలి, చెవులు రిక్కించి వినాలి, వణకాలి.

చుట్టుపక్కల కదిలేదాన్ని తెర మీద చుక్కగా చూపించే పరికరం ఒకటుంది, మోషన్ ట్రాకర్. దాని సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. దాన్ని పైకెత్తి తెర చూస్తే ఎదురుగా ఉన్న దారి మసకబారిపోతుంది. దారి చూసుకుంటే ట్రాకర్ మసకబారుతుంది. రెండూ ఒకేసారి చూడనివ్వరు. తెర మీద చుక్క కదులుతుంది, కానీ అది ఉన్నది మన అంతస్తులోనా, నెత్తిన వెంట్‌లోనా తెలీదు. దగ్గరగా ఉంటే దాని బీప్ శబ్దం కూడా ఏలియన్ చెవిన పడుతుంది. లాకర్‌లో దూరాక వెనక్కి ఒరిగి ఊపిరి బిగబట్టాలి. మరీ ఎక్కువసేపు బిగబడితే ప్రాణం తరుగుతుంది. ఆ సన్నటి కంతల్లోంచి దాని మూతి కనిపిస్తుంటే, నా నిజం ఊపిరి కూడా నేనే ఆపేస్తాను. సేవ్ చేయాలన్నా గోడకున్న మిషన్‌లో కార్డు పెట్టి, మూడు లైట్లూ ఒక్కొక్కటిగా వెలిగేదాకా నిలబడాలి. ఈలోగా ఆట ఆగదు. వెనకనుంచి అది రావచ్చు. ట్రైనర్ పెట్టుకుంటే ఇందులో ఏం మిగులుతుంది? ఖాళీ కారిడార్లు మిగులుతాయి.

2014లో వచ్చినప్పుడే గేముల రివ్యూలు రాసే ఐజీఎన్ సైటు వాళ్లు దీనికి పదికి 5.9 ఇచ్చారు. ఆ అంకె నాకిప్పటికీ మండుతుంది. ఈ గేమ్‌కి మూలమైన 1979 నాటి 'ఏలియన్' సినిమా సెట్ల ఫోటోలు, డ్రాయింగులు ముందేసుకుని, తెరల మీది గీతలు పాతకాలంలా రావడానికి ఆ వీడియోల్ని నిజంగా పాత వీసీఆర్‌లో వేసి చెడగొట్టి తెచ్చుకున్నారు ఈ గేమ్ చేసిన పనివాళ్లు. అలాంటివాళ్లకి 5.9!

నాకు అసలు మంట ఇప్పటిది కాదు. మా ఇళ్లల్లో, మా థియేటర్లలో భయాన్ని భయంగా ఎప్పుడూ ఉండనివ్వలేదు. తెలుగులో హారర్ సినిమా తీస్తే దయ్యం రాకముందే కమెడియన్ వచ్చేయాలి. దయ్యం తలుపు తడితే వాడు పంచె పట్టుకుని పరిగెత్తాలి. మొదట్లో ఒకటి రెండు ఆడాయి, ఇంక అదే దారి. నిజంగా భయపెట్టే సినిమా ఏదైనా వచ్చిందా, హాల్లో నిశ్శబ్దం పడగానే వెనక వరసలోంచి ఒకడు కేక వేస్తాడు, ఇంకొకడు దయ్యాన్ని పేరు పెట్టి పిలుస్తాడు, హాలంతా నవ్వు. తనకి భయమేసిందని పక్కవాడికి తెలిసిపోతుందేమోనని కంగారు. చిన్నప్పుడు రాత్రి కరెంటు పోతే నాకు భయమేసేది. "మగపిల్లాడివి, భయమేంట్రా" అని పెద్దవాళ్లంతా కలిసి నవ్వేవారు. ఒక్కరు కూడా పక్కన కూర్చుని "నాకూ భయమేరా" అనలేదు. ఆ నవ్వు నాకింకా వినపడుతూనే ఉంది. ఇందాక గ్రూపులో వచ్చిన బొమ్మలూ ఆ నవ్వే.

అందుకే ఈ గేమ్ నాకంత ఇష్టం. ఇందులో భయపడినందుకు ఎవరూ నవ్వరు. భయపడేవాడే బతుకుతాడు. ధైర్యం చూపిస్తానని పరుగెత్తినవాడు చచ్చిపోతాడు. మైక్ ఆన్ చేసుకుంటే గదిలో మనం చేసే చప్పుడు కూడా ఏలియన్‌కి వినపడే ఏర్పాటు పెట్టారు. నిశ్శబ్దానికి అంత విలువిచ్చిన ఆట ఇంకోటి నేను చూడలేదు.

యూట్యూబ్‌లో కెమెరా ముందు కావాలని అరిచి కుర్చీలోంచి పడిపోయే వాళ్లని చూసి హారర్ గేమ్ అంటే ఇదే అనుకుంటున్నారు మనవాళ్లు. నిజంగా భయమేసినవాడు అరవడు. గొంతు లేవదు. లాకర్‌లో కూర్చున్నప్పుడు నా నోట మాట రాదు. ఇది చదువుతున్న మీలో ఆడినవాళ్లకి నేనేం చెబుతున్నానో తెలుసు.

ఈ గేమ్‌కి రెండో భాగం తయారవుతోందని 2024 అక్టోబరులో ప్రకటించారు, మొదటిది వచ్చి పదేళ్లయిన సందర్భంగా. అప్పటినుంచీ కామెంట్లలో ఒకటే గోల. ఎక్కడపడితే అక్కడ సేవ్ ఇవ్వండి, ఏలియన్‌ని చంపే తుపాకీ ఇవ్వండి అని. దయచేసి అడగొద్దు. తుపాకీతో కాల్చే గేములు కావలసినన్ని ఉన్నాయి, వెళ్లి ఆడుకోండి. ఈ ఒక్కదాన్ని మాకు వదిలేయండి.