ద్రాక్షల సాక్షిగా

మా యూనివర్సిటీలో బహుళ సంస్కృతుల విద్యార్థి సంఘానికి నేను ట్రెజరర్‌ని. మొన్న సెప్టెంబరులో స్ఫూర్తిదాయకమైన హిస్పానిక్ (అంటే స్పానిష్ భాష మూలాలున్న) మహిళలకు మేం జరిపిన సన్మానం గురించి గిట్టనివాళ్ళు ఏదేదో అంటున్నారు. బాధ్యత గల పదవిలో ఉన్నాను కాబట్టి వాస్తవాలు చెప్పక తప్పదు.

ముందుగా ఆ నెల సంగతి. అమెరికాలో హిస్పానిక్ వారసత్వ మాసం సెప్టెంబరు 15న మొదలై అక్టోబరు 15న ముగుస్తుంది. నెల మధ్యలో నెల మొదలవడమేమిటని ఇక్కడివాళ్ళు తికమకపడతారు గానీ, ఆశ్వయుజం, కార్తీకం ఎరిగిన మనకు అందులో వింతేముంది? గ్వాటెమాలా, హోండురాస్ వగైరా ఐదు దేశాల స్వాతంత్ర్య దినం ఆ 15వ తేదీనే. 1968లో వారంగా మొదలైన పండుగ 1988లో నెలకు పెరిగింది. పండుగ చేసుకునేవాళ్ళ కూలి కూడా అదే లెక్కన పెరిగిందా అని అడక్కండి, అది మా అజెండాలో లేదు.

మొదటి మీటింగ్ పేరుకే సరిపోయింది. హిస్పానిక్ అనాలా, లాటినా (లాటిన్ అమెరికా మూలాలున్న మహిళ) అనాలా? తమ భాష పోర్చుగీసు కాబట్టి తాను హిస్పానిక్ కాదంది బ్రెజిల్ అమ్మాయి. తాను హిస్పానికే గానీ లాటినో కాదన్నాడు స్పెయిన్ అబ్బాయి. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటూ మూడు తెలుగు వాట్సాప్ గ్రూపులు నడుపుతున్న మనవాళ్ళం నలుగురం మాత్రం నోరెత్తకుండా పిజ్జా తిన్నాం.

తర్వాత జాబితా. మాది టెక్సస్. ప్రభుత్వ యూనివర్సిటీల్లో వైవిధ్యం పేరుతో ఆఫీసులు నడపకూడదని 2024 జనవరి నుంచి ఇక్కడ చట్టం అమల్లో ఉంది. విద్యార్థి సంఘాలకు మినహాయింపు ఉంది గానీ, మినహాయింపుల్ని నమ్ముకుని ఎవరు బతుకుతారు? అందుకని ఎవరికీ టెన్షన్ పెట్టని స్ఫూర్తి కావాలనుకున్నాం. 1993లో అంతరిక్షానికి వెళ్ళి అక్కడ ఫ్లూట్ వాయించిన ఎల్లెన్ ఒచోవా ఏకగ్రీవం. సుప్రీంకోర్టు జడ్జి సోనియా సొటొమయోర్ ఫోటో ఓకే, తీర్పులు వద్దు. మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలో సరేసరి.

చిక్కల్లా ఎమ్మా టెనయూకా దగ్గరొచ్చింది. 1938లో శాన్ ఆంటోనియోలో పెకాన్ గింజలు ఒలిచే వేలమంది కూలీల సమ్మెకు ముందు నిలబడిన మనిషి. అప్పటికి 21 ఏళ్ళు, అంటే మా సంఘంలో చాలామంది వయసే. పైగా మా టెక్సస్ ఆడపడుచు. కానీ కమ్యూనిస్టు అని తేలింది. బెజవాడలో అయితే వీధికి పేరు పెట్టేవాళ్ళు, ఇక్కడ పేరు కొట్టేశాం. ఫ్రీడా కూడా పార్టీ సభ్యురాలేనని, ఆవిడ శవపేటిక మీద సుత్తి కొడవలి జెండా కప్పారని ఒకమ్మాయి గొణిగింది. అప్పటికే ఫ్రీడా బొమ్మతో సంచులు అచ్చయిపోయాయి. అందుకని ఆ మాట మినిట్స్‌లో రాయలేదు.

దండ, శాలువా నా ఐడియాలే. అవి లేని సభ సభలా ఉంటుందా? వ్యవసాయ కూలీల నాయకురాలు డొలోరెస్ వెర్తా ఫోటోకి బంతిపూల దండ వేసి, రెండడుగులు వెనక్కి వేసి మురిసిపోతుంటే మెక్సికో క్లాస్‌మేట్ మొహం మాడిపోయింది. వాళ్ళు నవంబరులో చనిపోయినవాళ్ళ కోసం బంతిపూలు పెడతారట. 1930లో పుట్టిన వెర్తా నిక్షేపంగా ఉన్నారు. ఆ మాటకొస్తే మనకీ అంతే. బతికున్న మనిషి ఫోటోకి దండ వేశానని తెలిస్తే మా అమ్మమ్మ నా వీపు విమానం మోత మోగించేది. అసలు బంతి మనకు వచ్చిందే మెక్సికో నుంచి అని కూడా ఆ కుర్రాడే చెప్పాడు. దండ తీసి ఫ్రీడాకి వేశాం. ఆవిడ 1954లోనే పోయారు కాబట్టి ఇబ్బంది లేదు. శాలువా మా అడ్వైజర్ గారికి కప్పాం. మేం సన్మానించిన మహిళలెవరూ రాలేదు మరి. పిలిస్తే కదా.

వెర్తా 1962లో సీజర్ చావెజ్‌తో కలిసి వ్యవసాయ కూలీల సంఘం పెట్టారు. 1965 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని డెలానోలో ఫిలిప్పీన్స్ కూలీలు ద్రాక్షతోటల్లో సమ్మెకు దిగితే, అదే నెల 16న వీళ్ళూ కలిశారు. ద్రాక్షపళ్ళు కొనొద్దని దేశమంతా ప్రచారం చేశారు. 1970లో గానీ యజమానులు దిగిరాలేదు. ఇదంతా మా పోస్టర్‌లో మూడో పేరాలో చిన్న అక్షరాల్లో ఉంది. పోస్టర్ ముందు టేబుల్ మీద పెద్ద పళ్ళెం నిండా ద్రాక్షపళ్ళు.

"అన్నా, ఈ ద్రాక్షలు ఎవరు తెప్పించారు?" అని గుంటూరు జూనియర్ చెవిలో అడిగాడు.

"ఆ బహిష్కరణ ఎప్పుడో అయిపోయిందిరా" అన్నాను. బిల్లు నా జేబులోనే ఉంది. అయినా విమర్శను గౌరవించడం మా సంప్రదాయం. పళ్ళెం బరువు, పోస్టర్ తేలిక. పోస్టర్‌ని జరిపాం.

రాత్రి తొమ్మిదిన్నరకి హాలు శుభ్రం చేసే ఆవిడ బండి తోసుకుంటూ వచ్చారు. మూలన ఉన్న పోస్టర్ దగ్గర ఆగి "సీ సే ప్వేదే" అని పైకి చదివారు. 'మన వల్ల అవుతుంది' అని అర్థం, 1972 నాటి వెర్తా నినాదం. 2012లో ఆవిడకి మెడల్ ఇస్తూ ఒబామా ఆ నినాదాన్ని తానే కొట్టేశానని ఒప్పుకున్నాడు. మేం ఒప్పుకోవాల్సిందేమీ లేదు కాబట్టి నవ్వి ఊరుకున్నాం. మిగిలిన పళ్ళు తీసుకెళ్ళమన్నాం. ఆవిడ ఒకటి నోట్లో వేసుకుని, మొహం చిట్లించి, పళ్ళెం పళ్ళెంగా చెత్తబుట్టలో వంచేశారు.

అందని ద్రాక్ష పుల్లన అంటారు. మావి అందినవే, అయినా పుల్లన. వచ్చే ఏడాది వేరే కొట్లో కొనాలని మినిట్స్‌లో రాశాం.